పేత్స కొండ ఎక్కే ముందు

తల్లీ,

వచ్చే నెల నువ్వూ నీ స్నేహితులూ పేత్స ఎక్కుతున్నారని నాన్న చెప్పాడు. స్లోవేనియా, ఆస్ట్రియా సరిహద్దులోని ఆ కొండను నేను నాలుగుసార్లు ఎక్కాను. మొదటిసారి నేరుగా శిఖరానికి పోయి, దిగివచ్చాక గని చూశాను. అది పొరపాటు. కాళ్ల కింద ఏముందో తెలియకుండానే నడిచాను. నువ్వు ముందు కొండ లోపలికి వెళ్లు.

కింద మెజిత్స ఊళ్లో 1665 నాటి సీసం, జింకు గని ఉంది. 1994లో మూసేశారు. అప్పట్లో కార్మికులను మోసిన చిన్న రైలే ఇప్పుడు చూడవచ్చినవారిని మూడున్నర కిలోమీటర్లు లోపలికి తీసుకువెళుతుంది. వేసవిలోనూ అక్కడ పది డిగ్రీలే, స్వెట్టర్ మరవకు. గైడును అడిగి ఒక్క నిమిషం దీపం ఆర్పి నిలబడు. మూడు వందల ఏళ్లు మనుషులు ఎంతటి చీకట్లో కష్టపడ్డారో అప్పుడు తెలుస్తుంది. ఆ కార్మికుల పలకరింపు ‘స్రేచ్నో’. క్షేమంగా రా అన్నట్టు. కొండదారిలో ఎదురైనవారికి నువ్వూ అదే చెప్పు, ఎంత సంతోషిస్తారో!

రాత్రికి పైన విడిది ఇంట్లో పడుకో. దాని ఎత్తు 1,665 మీటర్లు, గని మొదలైన సంవత్సరం అంకె కూడా అదే. దగ్గరలోనే మత్యాజ్ రాజు గుహ ఉంది. తన సైన్యంతో కొండ కడుపులో నిద్రపోతున్నాడని, గడ్డం పెరిగి బల్లను చుట్టుకుంటోందని అక్కడివారి కథ. గని చూసి వచ్చినవారికి ఆ కథ వేరేగా వినిపిస్తుంది.

తెల్లవారగానే బయలుదేరు. 2,125 మీటర్ల శిఖరం కోర్దెజేవా గ్లావా విడిది నుంచి గంటన్నర నడక. మధ్యాహ్నం ఉరుములు వస్తే శిఖరం మీద తలదాచుకునే చోటు లేదు. సున్నపురాయి కొండ కనుక వాన నీరంతా లోపలికి ఇంకిపోతుంది, దారిలో ఊట దొరుకుతుందని ఆశపడకు. మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లండి. ఎర్ర వలయం మధ్య తెల్ల చుక్క గుర్తు కనిపించకపోతే, చివరి గుర్తు దాకా వెనక్కి రండి. అడ్డదారి వద్దు, పాత గని నోళ్ల దగ్గరకు అసలే వద్దు. శిఖరానికి అవతల ఆస్ట్రియా, నీ పాస్‌పోర్టూ నివాస కార్డూ వెంట ఉంచుకో. ఆపద వస్తే 112.

నారింజ రంగు వుల్ఫెనైట్ అనే సీసపు ఖనిజం స్ఫటికాలను మ్యూజియంలో చూడు. గని చెత్తకుప్పల్లో వాటికోసం తవ్వకు. ఆ లోయ మట్టిలో ఇంకా సీసం ఉంది. తినేముందు చేతులు సబ్బుతో కడుక్కో.

దిగగానే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా.

ఆశీస్సులతో,
పెదనాన్న