ఎంఓఏ కొనాలా, మిల్ కొనాలా?

ప్రశ్న: మొదటిసారి రైఫిల్ స్కోప్ కొంటున్నాను. ఒకే మోడల్ ఎంఓఏలోనూ ఉంది, ఎంరాడ్‌లోనూ ఉంది. సైన్యాలు మిల్ వాడతాయి కాబట్టి కచ్చితత్వం దానిదేనని ఒకరు, ఎంఓఏలో క్లిక్ చిన్నది కాబట్టి అదే మేలని ఇంకొకరు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: కచ్చితత్వం సంగతి పక్కన పెట్టండి. రెండూ కోణాన్ని కొలిచేవే. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్). రేడియన్‌ను వెయ్యి భాగాలు చేస్తే ఒక్కోటి ఒక మిల్లీరేడియన్, అంటే ఎంరాడ్. వాడుకలో దాన్నే మిల్ అంటారు. ఒక మిల్ సుమారు 3.44 ఎంఓఏకి సమానం. 100 మీటర్ల దగ్గర ఒక మిల్ 10 సెంటీమీటర్లు, ఒక ఎంఓఏ 2.9 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే ఇవీ రెట్టింపవుతాయి.

క్లిక్ మాట కొంతవరకు నిజమే. గురి సర్దడానికి స్కోప్ మీద ఉండే బిరడాను, అంటే టరెట్‌ను, తిప్పినప్పుడు జరిగే ఒక్కో మెట్టే క్లిక్. మామూలుగా ఎంఓఏ స్కోప్‌లో క్లిక్‌కి పావు ఎంఓఏ, మిల్ స్కోప్‌లో 0.1 మిల్. 100 మీటర్ల దగ్గర మొదటిది 7.3 మిల్లీమీటర్లు జరిపితే, రెండోది 10. ఆ మూడు మిల్లీమీటర్లలోపు తేడాని పట్టుకోగల రైఫిల్, దాన్ని పట్టుకునే చెయ్యి, రెండూ అరుదు. ఎఫ్-క్లాస్ అనే వెయ్యి గజాల రైఫిల్ గురి పోటీల లెక్క మాత్రం వేరు. అక్కడ పది పాయింట్ల వలయమే 10 అంగుళాలు. 0.1 మిల్ క్లిక్ ఒక్కసారికి 3.6 అంగుళాలు జరిపేస్తుంది. అందుకే ఆ ఆటగాళ్లలో చాలామంది ఎంఓఏలో ఎనిమిదో వంతు క్లిక్ ఉన్నవి ఇష్టపడతారు.

మీటర్లలో ఆలోచించేవాళ్లకి మిల్, గజాలు అంగుళాల్లో ఆలోచించేవాళ్లకి ఎంఓఏ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. 300 మీటర్లలో కాల్చారు, గుండు కిందకి తగిలింది అనుకుందాం. అది 45 సెంటీమీటర్లా అని లెక్కేయక్కర్లేదు. రెటికిల్ గీతల మీద, అంటే స్కోప్‌లో కనిపించే గురి గీతల మీద, చూస్తే గుండు తగిలిన చోటు మధ్య గీతకి 1.5 మిల్ కింద ఉంటుంది. టరెట్‌ను 1.5 పైకి, అంటే 15 క్లిక్‌లు తిప్పితే సరి. అదే ఎంఓఏ స్కోప్‌లో సుమారు 5.2 కనిపిస్తుంది, 21 క్లిక్‌లు తిప్పుతారు. ఎక్కడా సెంటీమీటరు రాలేదు, అంగుళమూ రాలేదు. లోపల ఉన్నదే ఒక స్కేలు, దాన్ని చదవడమే.

దూరాన్ని అంచనా వేసేటప్పుడు మాత్రం మిల్ హాయి. అర మీటరు ఎత్తున్న బోర్డు 1.25 మిల్ కనిపిస్తే, 0.5ని వెయ్యితో గుణించి 1.25తో భాగించండి: 400 మీటర్లు. ఎంఓఏలో అయితే అంగుళాలను 95.5తో గుణించి, ఎంఓఏతో భాగిస్తే గజాలు వస్తాయి. నోటి లెక్కకి లొంగదు.

నన్నడిగితే, పాత అలవాటేదీ లేనివాళ్లు మిల్ తీసుకోవడం సుఖం. అయితే రేంజ్‌లో మీ పక్కన కూర్చుని గుండు ఎక్కడ తగిలిందో చెప్పే మనిషిది ఎంఓఏ స్కోప్ అయితే మీరూ ఎంఓఏనే కొనండి. ఆయన చెప్పే అంకెను ప్రతిసారీ 3.44తో భాగించుకుంటూ కూర్చోవడం ఎందుకు!

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా స్కోప్‌లో రెటికిల్ మిల్-డాట్ (మిల్ లెక్కన చుక్కలున్నది), టరెట్ మీద మాత్రం పావు ఎంఓఏ అని ఉంది. ఇది లోపమా?

జవాబు: లోపం కాదు. ఒకప్పుడు చాలా స్కోప్‌లు అలాగే వచ్చేవి. చూసేది ఒక కొలతలో, తిప్పేది ఇంకో కొలతలో కాబట్టి తలనొప్పి తప్పదు. ఒక మిల్‌కి దాదాపు 14 క్లిక్‌లని గుర్తుపెట్టుకోండి. 1.2 మిల్ కింద తగిలిందని 12 క్లిక్‌లు తిప్పితే సరిపోదు, 16 లేదా 17 తిప్పాలి. కొత్తది కొనేవాళ్లకి మాత్రం ఒకే మాట: రెండూ ఒకే కొలతలో లేకపోతే కొనొద్దు.

ప్రశ్న: గుండు ఎంత కిందకి జారుతుందో లెక్కేసే బాలిస్టిక్ యాప్ వెయ్యి గజాలకి 30 ఎంఓఏ తిప్పమంటోంది. తిప్పితే గుండు అడుగుకు పైనే ఎత్తులో తగులుతోంది. దగ్గర దూరాల్లో బాగానే ఉంది. తప్పు యాప్‌దా, స్కోప్‌దా?

జవాబు: ముందు యాప్ సెట్టింగ్స్‌లో యూనిట్స్ చూడండి. 100 గజాల దగ్గర ఒక ఎంఓఏ అంటే సరిగ్గా అంగుళం కాదు, 1.047 అంగుళాలు. కానీ కొందరు అంగుళమనే లెక్కేస్తారు. కొన్ని యాప్‌లలో దీన్ని 'షూటర్ ఎంఓఏ' అనో, 'వంద గజాలకు అంగుళాలు' అనో వేరే ఆప్షన్‌గా పెడతారు. అది ఆన్ అయి ఉంటే యాప్ ఉద్దేశంలో 30 అంటే వెయ్యి గజాల దగ్గర 300 అంగుళాలు. మీ టరెట్ అసలు ఎంఓఏలో ఉంటే 314 జరుపుతుంది. ఆ 14 అంగుళాలే మీ అడుగు పైచిలుకు. దగ్గర్లో ఈ తేడా కంటికి ఆనదు.

సెట్టింగ్ సరిగ్గానే ఉంటే స్కోప్‌ను పరీక్షించండి. దీనికి గుండు ఖర్చు లేదు. ఖాళీ రైఫిల్‌ను కదలకుండా బిగించి, టేపుతో కొలిచిన 100 గజాల దూరంలో పొడవాటి స్కేలు నిలువుగా పెట్టండి. 30 ఎంఓఏ తిప్పితే మధ్య గీత స్కేలు మీద 31.4 అంగుళాలు జరగాలి. 30 దగ్గరే ఆగితే టరెట్టే అంగుళాల లెక్కలో ఉందన్నమాట. రెండూ కాని అంకె వస్తే స్కోప్ సర్వీసుకి పంపాల్సిందే. స్కోప్ పాసైతే యాప్‌లో గుండు వేగం తక్కువగా ఎంటర్ చేశారేమో చూడాలి.

ప్రశ్న: జూమ్ మారిస్తే రెటికిల్ కొలతలు తప్పుతున్నాయి. ఎందుకు?

జవాబు: మీది సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్, అంటే జూమ్ మార్చినా రెటికిల్ గీతలు అదే సైజులో కనిపించే రకం. గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం, చాలావాటిలో అది గరిష్ఠ జూమ్. సగం జూమ్‌లో ఒక మిల్ గీత రెండు మిల్‌లను కవర్ చేస్తుంది. క్లిక్‌లు మాత్రం ఏ జూమ్‌లోనైనా అవే.