కామాలు తప్పులని శాంపిల్ వెనక్కొచ్చింది, కోచింగ్‌కి వెళ్లాలా?

ప్రశ్న: మాది గుంటూరు. బీకాం ఫైనలియర్. పది దాకా తెలుగు మీడియం. కంటెంట్ రైటర్ ఉద్యోగానికి ఇంగ్లీషులో శాంపిల్ పంపితే ‘విషయం బాగుంది, కామాలు నేర్చుకోండి’ అన్నారు. గ్రామర్ కోచింగ్‌లో చేరాలా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టొద్దమ్మా. నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను, తప్పులు చాలావరకు ఒక్క అలవాటు నుంచే వస్తున్నాయి. ‘ఊపిరి తీసుకునే చోట కామా’ అని బళ్లో నేర్పారు కదా, అదీ సంగతి. తెలుగులో అలా పెట్టినా నడిచిపోతుంది, ఎందుకంటే మన వాక్యం వెళ్లి, చూసి, అడిగి అంటూ ఎంత దూరమైనా సాగి చివర ఒక్క క్రియ దగ్గర ఆగుతుంది.

ఇంగ్లీషులో అలా కుదరదు. నీ మూడో లైను చూడు: ‘ఐ వెంట్ టు బెసెంట్ రోడ్, ది షాప్ వాజ్ క్లోజ్డ్.’ ‘వెంట్’కి ‘ఐ’ కర్త, ‘వాజ్’కి ‘షాప్’ కర్త, అంటే అవి రెండు పూర్తి వాక్యాలు, వాటిని కలిపి ఉంచడం ఒట్టి కామా వల్ల కాదు. ఫుల్‌స్టాప్ పెట్టు, లేదా కామా తర్వాత ‘బట్’ చేర్చు, సెమీకోలన్ అయినా సరే. ఇలా రెండు వాక్యాల్ని ఒట్టి కామాతో అతికించడాన్నే కామా స్ప్లైస్ అంటారు. నీ రెండు పేజీల్లో ఇవే 11 ఉన్నాయి!

ఇంకోటి, ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ విజయవాడ ఈజ్ ఎ డాక్టర్’ అని రాశావు. కామాల్లేకుండా చదివితే నీకు ఇంకో అన్నదమ్ముడు కూడా ఉన్నాడనీ, వాళ్లలో విజయవాడలో ఉండేవాడు డాక్టరనీ అర్థమవుతుంది. ‘బ్రదర్’ తర్వాత ఒకటి, ‘విజయవాడ’ తర్వాత ఒకటి పెడితేనే ఉన్నది ఒక్కడే అని. ‘విజయవాడలో ఉండే మా అన్నయ్య’ అని తెలుగులో రాస్తే ఈ తేడా కనపడదు, అందుకే ఇది మనకి కొత్త, కాస్త ఎక్కువ టైమ్ పెట్టు.

జాబితాలో చివరి ‘అండ్’ ముందు కామా గురించి మాత్రం టెన్షన్ వద్దు. వార్తాపత్రికలు పాటించే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) స్టైల్ మామూలుగా అక్కర్లేదంటుంది, పుస్తకాల వాళ్ల షికాగో స్టైల్ పెట్టమంటుంది, ఏది కావాలో కంపెనీనే అడుగు. అయితే చిన్న విషయమని తీసిపారేయకు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రపు ఓవర్‌టైమ్ చట్టంలో, ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది, ‘ఆర్’ ముందు కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పనా, లేక రెంటికీ ప్యాకింగేనా అన్నది తేలక పాల డెలివరీ డ్రైవర్లు కోర్టుకెళ్లారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ల వైపే చెప్పింది, మరుసటి ఏడాది డెయిరీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది.

విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్‌లో ఒక పాత ఇంగ్లీషు వ్యాసాల పుస్తకం కొనుక్కో. రోజుకో పేరా చేత్తో రాసి, ప్రతి కామా కిందా అది ఎందుకుందో పెన్సిల్‌తో రాయి. వారం తర్వాత ఆ రెండు పేజీలనే సరిచేసి నాకు పంపు, కొత్తవి వద్దు.