మీ వాడి టీచరుకి ఏమివ్వాలంటే: మేనకోడలికి ఉత్తరం

చి. సౌ. మేనకోడలికి,

మేనత్త దీవించి రాసేది. డిసెంబరు సెలవులకి మీ వాడి టీచరుకి ఏమివ్వాలని మొన్న ఫోన్లో అడిగావు కదా, అప్పుడే జవాబు చెప్పేదాన్ని. కానీ పక్కనుంచి అల్లుడు "వాళ్లు జీతం తీసుకోవట్లేదా?" అంటాడు, స్పీకర్లో మీ అత్తగారు "వెండి కుంకుమ భరిణె పంపిస్తాను, ఇవ్వమ్మా" అంటారు. వాళ్లిద్దరి మధ్య నా మాట సాగితేగా! అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. డిసెంబరు సెలవులకి టీచరుకి కానుక ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. ఇవ్వాలనిపిస్తే చిన్నది ఇవ్వు. ఇచ్చినా ఇవ్వకపోయినా ఒక మంచి ఉత్తరం మాత్రం రాయి.

నీ అసలు భయం కానుక గురించి కాదని నాకు తెలుసు. "అందరూ ఇచ్చి మనం ఇవ్వకపోతే పిల్లాణ్ణి చిన్నచూపు చూస్తారేమో" అన్నావు చూడు, అదీ నీ బెంగ. నేనిక్కడ అమెరికాలో పబ్లిక్ స్కూల్లో పారాగా, అంటే క్లాసులో టీచరుకి సహాయకురాలిగా, చాలాకాలం పనిచేశాను కదా, సెలవులకి ముందురోజు టీచరు బల్ల మీద ఏమేం పేరుకుంటాయో దగ్గరుండి చూసినదాన్ని. కాఫీ కప్పులు, కొవ్వొత్తులు, చేతికి రాసుకునే క్రీములు. జనవరిలో స్కూలు తెరిచేసరికి ఏ కప్పు ఎవరిచ్చారో టీచరుకి గుర్తుండదు. సగం కప్పులు స్టాఫ్ రూమ్ అలమరాలో చేరిపోతాయి. ఎవరివ్వలేదో లెక్కపెట్టుకునే టీచరు నాకు తారసపడలేదు. లెక్కపెట్టేది పిల్లలు. "నేను తెచ్చాను, నువ్వు తేలేదా?" అని ఐదేళ్ల పిల్ల పక్కపిల్లాణ్ణి అడుగుతుంది. ఆ పిల్లాడు తల దించుకుంటాడు. అందుకని ఏదైనా ఇవ్వదలచుకుంటే బాబు చేతికి రంగు కాగితం చుట్టిన డబ్బా ఇచ్చి క్లాసులోకి పంపకు. స్కూలు ఆఫీసులో ఇచ్చెయ్, లేదా కవరు వాడి ఫోల్డర్లో పెట్టు.

ఇప్పుడు వెండి భరిణె సంగతి. మీ అత్తగారి మనసు మంచిదే. గురువుకి ఏదో ఒకటి సమర్పించుకోవాలన్న సంస్కారంలోంచి వచ్చిన మాట అది. కానీ నువ్వున్నది మాసచూసెట్స్. ఇక్కడ పబ్లిక్ స్కూలు టీచరు కూడా ప్రభుత్వోద్యోగే. ప్రభుత్వోద్యోగుల నడవడి మీద చాప్టర్ 268ఎ అని ఒక చట్టముంది, దాన్ని అమలు చేయడానికి స్టేట్ ఎథిక్స్ కమిషన్ ఉంది. ఉద్యోగాన్ని చూసి ఎవరైనా ఇచ్చే 50 డాలర్లు, ఆపైన విలువచేసే కానుకని టీచరు పుచ్చుకోకూడదు. 50 లోపైనా సరే, దానివల్ల ఆ పిల్లాడి మీద మొగ్గు చూపుతారేమో అని ఎవరికైనా అనిపించే వీలుంటే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాల్సి ఉంటుంది. పైగా పుచ్చుకుంటే ఆవిడ ఇబ్బందిలో పడుతుంది. వెండి భరిణె చూడగానే ఆవిడ మొహమాటపడుతూ వెనక్కిచ్చేస్తుంది. నీకూ బాధ, ఆవిడకీ బాధ.

మీ క్లాసు గ్రూపులో వచ్చిన మెసేజీ చూశాను. టీచరు కానుక కోసం ఇంటికి 25 డాలర్ల చొప్పున వెన్మోలో (ఫోన్లో డబ్బు పంపే యాప్) పంపమన్నారు కదా. కాస్త లెక్క వెయ్యి. మీ వాడి క్లాసులో 22 మంది పిల్లలు. అందరూ ఇస్తే 550 డాలర్లు. కానీ ఈ రాష్ట్రంలో క్లాసంతా కలిసి ఇచ్చే కానుకకీ హద్దుంది. ఒక స్కూలు సంవత్సరం మొత్తానికి కలిపి 150 డాలర్లు. అది కూడా "క్లాసు తరఫున" అని మాత్రమే ఇవ్వాలి. ఎవరిచ్చారో, ఎంతిచ్చారో టీచరుకి తెలియకూడదు. సంవత్సరం మొత్తానికి అన్నాను, గమనించావా? ఆ 150 డిసెంబరులోనే పూర్తిగా ఇచ్చేస్తే మే నెలలో టీచర్ అప్రీసియేషన్ వీక్‌కీ, జూన్‌లో వీడ్కోలుకీ క్లాసు తరఫున ఇంకేమీ ఇవ్వడానికుండదు. మీ క్లాసుకైతే ఇంటికి ఏడు డాలర్ల లోపే చాలు, అదీ సంవత్సరానికంతా కలిపి.

ఆ మెసేజీ పెట్టిన రూమ్ పేరెంట్, అదే క్లాసు తల్లిదండ్రుల తరఫున పనులు చూసే ఆవిడ, చెడ్డావిడ అయ్యుండదు. ఇంకో రాష్ట్రం నుంచి వచ్చుంటుంది, అక్కడి అలవాటు ఇక్కడ పెట్టుంటుంది. గ్రూపులో అందరి ముందూ తప్పుపట్టకు. విడిగా మెసేజి పెట్టు: "మన దగ్గర క్లాసు గిఫ్టుకి పరిమితి ఉందట, ఆఫీసులో ఒకసారి కనుక్కుందామా? మిగతా డబ్బు క్లాసు రూముకి పుస్తకాలు కొనడానికి వాడితే ఎలా ఉంటుంది?" అను. స్కూలు అనుమతితో క్లాసు గదికి ఇచ్చే పుస్తకాలు, సామాను టీచరు సొంతానికి ఇచ్చినట్టు కాదు, ఆ లెక్క వేరు.

ఈ రూల్స్ అన్నిచోట్లా ఒక్కలా ఉండవు. న్యూయార్క్ నగరం పబ్లిక్ స్కూళ్లలో ఒక్కో ఇంటి నుంచి వచ్చేది పెద్ద ఖరీదు లేని, ఆప్యాయత కోసం ఇచ్చే వస్తువైతేనే తీసుకోవాలి. క్లాసు కానుకకి డబ్బివ్వని ఇంటి పిల్లల్ని కార్డు మీద సంతకం పెట్టనివ్వకుండా చేయకూడదని కూడా అక్కడ నియమముంది. నాకు బాగా నచ్చిన నియమం అది. అలబామాలోనైతే 2011లో అక్కడి ఎథిక్స్ కమిషన్ టీచర్లు గిఫ్ట్ కార్డులు, హామ్ (పంది మాంసం), టర్కీ కోడి పుచ్చుకోకూడదని చెప్పింది. పండక్కి కోడి ఇచ్చినా లంచం కిందికే వస్తుందా అని జనం విస్తుపోయారు. ప్రైవేటు స్కూళ్లకీ డేకేర్లకీ మా చట్టం వర్తించదు, వాళ్ల హ్యాండ్‌బుక్ చూసుకోవాలి. నీ చిన్నదాని డేకేర్‌లో అమ్మాయిలకి జీతాలు బాగా తక్కువ. వాళ్ల నిబంధనలు ఒప్పుకుంటే, చేతనైనంత నగదు కవర్లో పెట్టి ఇవ్వడమే మేలు. అక్కడ నేను పొదుపు చెప్పను.

ఇక అల్లుడి మాట. జీతం వస్తుంది, నిజమే. ఆ జీతంలోంచే క్లాసుకి పెన్సిళ్లు, టిష్యూ డబ్బాలు, కథల పుస్తకాలు కొంటారన్న సంగతి కూడా చెప్పు. టీచర్లు ఇలా సొంత డబ్బు పెట్టడం ఎంత మామూలంటే, ఫెడరల్ పన్ను చట్టంలో దానికోసం ప్రత్యేకంగా ఒక మినహాయింపే ఉంది. 2002లో 250 డాలర్లతో మొదలైంది, 2022లో 300కి పెంచారు. టాక్స్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చుని గంటలు గడిపే మనిషి కదా, ఈ ముక్క చెబితే అల్లుడికి బాగా ఎక్కుతుంది. అందుకే నా సలహా: టీచరు విష్ లిస్టు (క్లాసుకి కావలసిన సామాను జాబితా) పెట్టిందేమో చూడు. ఉంటే అందులోంచి ఒకటి కొను. లేకపోతే "క్లాసుకి ఏం కావాలి?" అని ఒక్క ఈమెయిల్ పెట్టు. జనవరి వచ్చేసరికి గ్లూ స్టిక్కులు, బోర్డు మీద రాసే డ్రై ఎరేజ్ మార్కర్లు అయిపోయి ఉంటాయి. నీకు చప్పగా అనిపిస్తాయేమో, ఆవిడకి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

గిఫ్ట్ కార్డే ఇస్తానంటే పది, పదిహేను డాలర్లది చాలు. ఒక కాఫీ కొట్టుకే పనికొచ్చేది కాకుండా ఎక్కడైనా వాడుకునేది తీసుకో. టీచర్లందరూ కాఫీ తాగుతారని ఎవరు పుట్టించారో గానీ, మా పక్కగది టీచరు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టేది కాదు, పాపం డ్రాయరు నిండా ఆ కార్డులే. సెంట్లు, క్రీములు వద్దు, అవి పడనివాళ్లు చాలామంది. చీరలు, శాలువాలు అంతకన్నా వద్దు. మిఠాయిల దగ్గర నువ్వు మరీ జాగ్రత్తగా ఉండాలి. మన మిఠాయిల్లో జీడిపప్పో, బాదమో, పిస్తానో లేనిది వెతికి పట్టుకోవాలి. నట్ అలర్జీ ఉన్న పిల్లలున్న గదిలోకి అది వెళ్తే ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వేసే ఇంజెక్షన్) దాకా వస్తుంది వ్యవహారం. తిరుపతి లడ్డూ అయినా సరే, ప్రసాదమే అయినా సరే, క్లాసు గదిలోకి పంపకు. టీచరుకి రుచి చూపించాలని ఉంటే ముందు అడిగి, స్కూలయ్యాక ఆవిడ చేతికివ్వు, అందులో ఏమేం వేశావో చీటీ మీద రాసి అంటించు.

అసలైనది ఉత్తరం. టీచర్లు కప్పులు పారేస్తారు, ఉత్తరాలు పారెయ్యరు. నాతో పనిచేసిన ఒకావిడ రిటైరైనప్పుడు గది ఖాళీ చేస్తుంటే సాయం చేశాను. ఒక అట్టపెట్టె నిండా తల్లిదండ్రుల కాగితాలే. కానీ "థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్" అని అచ్చయిన కార్డు కింద సంతకం పెడితే అది ఉత్తరం కాదు. జరిగింది రాయి. మీ వాడు సెప్టెంబరులో బస్సు దగ్గర నీ కుర్తా పట్టుకుని వదిలేవాడు కాదు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కేస్తున్నాడన్నావు. అది రాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లాడు క్లాసులో నోరు విప్పడానికి ఆవిడ ఏం చేసిందో నీకు తెలుసు కదా, అది రాయి. ఆవిడ వాడి పేరు సరిగ్గా పలకడం నేర్చుకుందట, అదీ రాయి. ఐదారు వాక్యాలు చాలు, ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. వాడిచేత ఒక బొమ్మ వేయించు. ఉత్తరం కాపీ ఒకటి ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ చెయ్యి. ప్రిన్సిపాల్ ఇన్‌బాక్సులోకి వచ్చేవి ఎక్కువగా ఫిర్యాదులే. అందులో ఒక మంచిమాట పడితే ఆ టీచరుకి మనం కొనిపెట్టే ఏ వస్తువుకన్నా ఎక్కువ ఉపయోగం.

ఇంకొకటి. టీచరు ఒక్కతే కాదు. పొద్దున్నే చలిలో తలుపు తీసి నవ్వే బస్సు డ్రైవరు, లంచ్ డబ్బా మూత తీసిపెట్టే ఆవిడ, మోకాలు గీరుకున్నప్పుడు ప్లాస్టరేసే నర్సు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషు నేర్పే ఈఎస్ఎల్ టీచరు, రాత్రి గది ఊడ్చే కస్టోడియన్, ఇంకా క్లాసులో బూట్లకి లేసులు కట్టే పారా. నా వాళ్ల పక్షం మాట్లాడుతున్నాననుకుంటే అనుకో. వీళ్లకి కార్డులు రావు. వచ్చినా టీచరు పేరు రాసి కింద "అండ్ స్టాఫ్" అని ఉంటుంది. పేరు కనుక్కుని, విడిగా తలా ఒక చిన్న చీటీ పంపు.

డిసెంబరు కాబట్టి ఒక చిన్న జాగ్రత్త. ఆవిడ క్రిస్మస్ చేసుకుంటుందో, యూదుల పండగ హనుక్కా చేసుకుంటుందో, ఏదీ చేసుకోదో నీకు తెలియదు. తెలియనప్పుడు "సెలవులు హాయిగా గడపండి" అంటే చాలు. దీపావళికి ఇవ్వాలనిపించినా ఇవ్వొచ్చు. నన్నడిగితే ఉత్తరం డిసెంబరులో పంపి, వస్తువేదైనా ఉంటే జూన్‌లో బడి చివరి వారంలో ఇమ్మంటాను. అప్పటికి రిపోర్ట్ కార్డులు రాసేసి ఉంటారు, అడగడానికి మనకీ ఏమీ మిగలదు. మన పెద్దలూ దక్షిణ ఇచ్చింది చదువు పూర్తయ్యాకే. మీ అత్తగారికి ఈ మాట చెప్పి చూడు, ఆవిడ కాదనలేరు.

పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సుకి ముందు వారంలోనో, ఏదైనా ఫిర్యాదు నడుస్తున్నప్పుడో మాత్రం ఖాళీ చేతులతో వెళ్లు. మీ బావగారి అబ్బాయికి కూడా చెప్పు, వాడిప్పుడు ట్వెల్త్ గ్రేడ్ కదా. కాలేజీ దరఖాస్తుకి రికమెండేషన్ లెటర్ అడగడానికి వెళ్తూ టీచరుకి ఏమీ పట్టుకెళ్లకూడదు. లెటర్లు అప్‌లోడ్ అయ్యాక చేత్తో రాసిన థాంక్యూ నోటు, వసంతంలో ఏ కాలేజీలో సీటొచ్చిందో చెబుతూ ఒక ఈమెయిల్, అంతే. ఆ రెండో ఈమెయిల్ పిల్లలు దాదాపు ఎవ్వరూ రాయరు. పాపం ఆ టీచర్లు రాసిన లెటర్లన్నీ ఎటు పోయాయో తెలియకుండానే సంవత్సరం గడిచిపోతుంది.

వచ్చే ఏడు నిన్నే రూమ్ పేరెంట్‌గా ఉండమంటారు, చూస్తూ ఉండు, మన తెలుగువాళ్లు ఎక్సెల్ షీట్లు బాగా నడుపుతారని పేరుంది. అప్పుడు ఇంటికి ఇంత అని రాయకు, "ఇవ్వాలనిపిస్తే, ఎంతైనా" అని పెట్టు. ఎవరినీ రెండోసారి అడగకు. డబ్బిచ్చినవాళ్ల జాబితా టీచరు దాకా పోనివ్వకు. కార్డు మీద 22 పేర్లూ ఉండాలి.

ఈ శుక్రవారం లోపల ఉత్తరం రాసి నాకు ఫోటో పంపు, దిద్దిపెడతాను. మరీ పొగిడావంటే ఆ వాక్యాలు కొట్టేస్తాను, ముందే చెబుతున్నా. వెండి భరిణె విషయం మీ అత్తగారితో నేనే మాట్లాడతాను. ఫిబ్రవరిలో మా పక్కింటివాళ్ల గృహప్రవేశం ఉంది, దానికి పనికొస్తుంది.

పిల్లలిద్దరికీ ముద్దులు, అల్లుడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ మేనత్త