పాత బడికి కొత్త గది ఒక్కటే చాలదు

ప్రశ్న: మాది హన్మకొండలో ఒక ట్రస్టు నడుపుతున్న పాత పాఠశాల. దస్తూరి, ఎక్కాలు, శతక పద్యాలు, క్రమశిక్షణ మా బడికి పేరు తెచ్చాయి. ఈ మధ్య తల్లిదండ్రులు రోబోటిక్స్, కోడింగ్ ఉన్నాయా అని అడుగుతున్నారు. లేవంటే పిల్లలను వేరే బడిలో చేర్పిస్తున్నారు. ఉన్న కొద్దిపాటి నిధితో ల్యాబ్ కట్టించాలా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాలా, లేక మా పద్ధతిలోనే సాగాలా అన్నది కమిటీలో ఎంతకీ తేలడం లేదు.
– ఒక ప్రధానోపాధ్యాయుడు, హన్మకొండ

జవాబు: నిధి మొత్తాన్ని ల్యాబుకే ఖర్చు చేయవద్దు. సొంత డబ్బు తీసే ముందు అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం సంగతి చూడండి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన ఈ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. అందులో 10 లక్షలు పరికరాలకు, ఏర్పాట్లకు, మిగిలిన 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. ట్రస్టు బడులకూ ఇందులో చోటిచ్చారు గానీ, 2025 బడ్జెట్‌లో ప్రకటించిన 50 వేల కొత్త ల్యాబులు ప్రభుత్వ బడులకు ఉద్దేశించినవి కాబట్టి, మీవంటి బడులకు దరఖాస్తు అవకాశం ఎప్పుడు ఉంటుందో ముందుగా కనుక్కోండి. ఏ తరగతి ఏ పిరియడ్‌లో వాడుకోవాలో టైంటేబుల్‌లో రాసుకోని బడిలో ఎంత ఖరీదైన ల్యాబ్ అయినా తనిఖీ రోజున, అడ్మిషన్ల కాలంలో తప్ప తాళం తీయని గదిగానే మిగులుతుంది.

మార్పు మన ప్రాంతపు పిల్లల ఇళ్లలోకి ఇప్పటికే వచ్చేసింది. 2025 సీజన్‌లో భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవలసి వచ్చింది. తేమ 8 శాతం మించకపోతే పూర్తి మద్దతు ధర, ఆ పైన 12 శాతం దాకా ధరలో కోత, అదీ దాటితే సరుకు వెనక్కే. ఈ లెక్క ఇంట్లో వినని పత్తి రైతు బిడ్డ ఉండడు. ఏడో తరగతిలో శాతాలు చెప్పే రోజుల్లో దీనినే పాఠంగా తీసుకోండి. వంటింటి డిజిటల్ కాటా మీద గింజతో ఉన్న 100 గ్రాముల పత్తిని తూచి, రెండు మూడు రోజులు ఎండబెట్టి మళ్లీ తూచారనుకుందాం. 93 గ్రాములు వస్తే 7 శాతం తేమ పోయినట్టు. అదే పత్తికి మార్కెట్‌లో తేమ మీటరు 11 శాతం చూపిస్తే తప్పు ఎవరిది? తరగతిలో అసలు చదువు ఈ ప్రశ్నతో మొదలవుతుంది. ఎండ పత్తిలోని తేమనంతా లాగలేదు. ఆరిన పత్తి గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. మార్కెట్లో వాడే మీటరు తూకమే వేయదు, తేమ పెరిగిన కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుందన్న సూత్రం మీద అంచనా కడుతుంది. ఈ కారణాలను ఉపాధ్యాయుడు బోర్డు మీద రాసేయకుండా రెండు పిరియడ్లు ఓపిక పడితే కొన్నింటినైనా పిల్లలు తామే పట్టుకుంటారు. ఆ తరువాత రెండు ఇనుప మేకులు, కోడ్‌తో నడిచే ఒక చిన్న సర్క్యూటు బోర్డు ఇచ్చి, తడిపిన పత్తికీ ఆరిన పత్తికీ తేడా చూపే పరికరం చేయమంటే, కోడింగ్ ఎందుకు నేర్చుకోవాలో వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మీ పాత బలాలను వదులుకోవద్దు. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లవాడికి కాలిక్యులేటర్‌లో 93కు బదులు 39 పడితే ఎక్కడో పొరపాటు జరిగిందని వెంటనే తడుతుంది. దస్తూరి మీద మీకున్న పట్టుదలను ప్రయోగాల నోటుబుక్కుకు మళ్లించండి. తేదీ, కొలత, కొట్టివేతతో సహా అన్నీ అందులో ఉండాలి. (రోబోటిక్స్ బోర్డు పెట్టిన బడుల్లో ఎన్నింటిలో పిల్లలు ఇలా రాస్తున్నారో అడిగి చూడమని ఆ తల్లిదండ్రులకే చెప్పండి.) పద్యాలు కంఠస్థం చేయించడం ఆపవలసిన పని లేదు.

ఇక ఉపాధ్యాయుల మాట. కొత్త పని అంటే కంప్యూటర్ సారుకు అప్పగించి మిగతావారు ఊపిరి పీల్చుకోవడం మన బడుల్లో ఆనవాయితీ. అలా చేయకుండా గణితం, సైన్సు చెప్పే ఇద్దరు సీనియర్లకు శనివారం రెండు పిరియడ్లు కలిపి ఇవ్వండి. మీ నిధిలో పెద్ద వాటా వారి శిక్షణకూ కాటాలు, తీగలు, బ్యాటరీలవంటి చిల్లర సామానుకూ పోవాలి. ఊళ్లోనే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, 1959లో దేశంలోనే మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా వెలసిన నిట్ ఉంది. అక్కడి వారిని ఏడాదికొకసారి ముఖ్య అతిథులుగా పిలిచి శాలువా కప్పే బదులు, పిల్లల నోటుబుక్కులు చూసి తప్పులు చెప్పమని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి పరీక్షలో గైడులో జవాబు దొరకని ప్రశ్న ఒక్కటైనా పెట్టండి. ప్రశ్నపత్రం మారనంత కాలం పిల్లలూ తల్లిదండ్రులూ ప్రయోగాలను ఆటవిడుపుగానే చూస్తారు.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. బడిలో ఈ ఏడాది ప్రాజెక్టులు, క్షేత్ర పర్యటనలు ఎక్కువయ్యాయి. వచ్చే ఏడాది పదో తరగతిలో మార్కులు తగ్గుతాయేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, జనగామ

జవాబు: మీ భయం అర్థం లేనిదని అనలేను. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు పదో తరగతి ఫలితాల మీదే ఆధారపడతాయి. ప్రస్తుత విధానంలో 100 మార్కుల్లో 80 బోర్డు పరీక్షవే. అయితే వారానికి రెండు మూడు పిరియడ్లు ప్రాజెక్టుకు పోయినంత మాత్రాన పాఠ్యాంశాలు వెనకబడవు. బాబు వరంగల్ కొత్తవాడ వెళ్లి జంపఖానాల మగ్గం చూసి వచ్చాడనుకోండి. ఆ రాత్రి అంచు మీది నమూనా ఎన్ని పోగులకు ఒకసారి తిరిగి వస్తుందని అడగండి. లెక్కగట్టి చెప్పగలిగితే ఆ పర్యటన గణితంలోకి వచ్చినట్టే. ఫొటోలు చూపించి ఊరుకుంటే తరగతి ఉపాధ్యాయుణ్ని కలిసి, పర్యటనను ఏ పాఠంతో కలిపారో మర్యాదగా అడగవచ్చు. ఆ మాట అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. రామప్ప గుడి మీద ప్రాజెక్టు ఇస్తే ఎనిమిదో తరగతిలో సగం మంది ఫోన్‌లో కృత్రిమ మేధను అడిగి అవే వాక్యాలు రాసుకొచ్చారు. ఫోన్ వాడవద్దని కట్టడి చేయాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, ములుగు

జవాబు: ఇంట్లో ఫోన్ మీద మీకు అదుపు ఉండదు కాబట్టి కట్టడి నిలవదు. ప్రాజెక్టు అడిగే తీరు మార్చండి. గుడి 1213లో కట్టారని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని రాయమంటే ఆ యంత్రం క్షణంలో రాసిస్తుంది. దానికి బదులు, భూకంపాన్ని తట్టుకునేందుకు పునాదిలో ఇసుక నింపే కాకతీయుల పద్ధతిని తరగతి గదిలో పరీక్షించమనండి: ఒక ట్రేలో ఇసుక, ఇంకొక ట్రేలో గట్టి మట్టి పోసి, రెండింటి మీదా అగ్గిపెట్టెల గోపురం కట్టి, బల్లను ఒకే తీరుగా ఊపి, ఏది ముందు కూలిందో రాయాలి. ఫలితం పుస్తకంలో చెప్పినట్టు రాకపోయినా సరే, వచ్చింది వచ్చినట్టు రాసి కారణం ఊహించాలి.

లేదా తమ ఊరి చెరువు గురించి ముందు ఫోన్‌నే అడగనివ్వండి. తరువాత తూము ఎక్కడుంది, మత్తడి ఏ వైపు పోస్తుంది, ఆఖరుసారి ఎప్పుడు పోసింది అన్నవి ఊళ్లోని నీరటికాడినో పెద్ద రైతునో అడిగి, ఫోన్ చెప్పిన దాంట్లో ఏవి తప్పో ఎర్ర సిరాతో గుర్తించమనండి. ప్రాజెక్టుకు ఉన్న ఐదు మార్కుల్లో రాసుకొచ్చిన దానికి రెండు చాలు. మిగతా మూడు, కాగితం పక్కన పెట్టించి మీరు అడిగే రెండు ప్రశ్నలకు ఇవ్వండి.