ఫాల్ట్ పొడిగా ఉందని నమ్మకు

అబ్బాయ్,

గోదావరిఖని వైపు గనిలో ట్రైనింగ్ మొదలైందని మీ అమ్మ చెప్పింది. వానే లేని రోజుల్లో కూడా గనిలోకి అన్ని నీళ్లు ఎక్కడివని అడిగావట. మంచి ప్రశ్న.

ఆ గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా మధ్యలోనూ ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి, దాని నిండా నీళ్లే. మామూలుగా నెమ్మదిగా ఊరుతుంది, పంపులు తోడేస్తాయి. చిక్కంతా ఫాల్ట్ దగ్గరే. పొరలు విరిగి ఒకవైపు కిందికి జారిన చోట, నువ్వు తవ్వే బొగ్గుకి ఎదురుగా నీళ్లున్న ఇసుకరాయి వచ్చి నిలబడొచ్చు. కొన్ని ఫాల్టుల్లో నలిగిన రాయి బంకమట్టిలా మారి నీటిని ఆపేస్తుంది, అది చూసి "ఇది డ్రైగానే ఉంది" అని అందరూ ధైర్యంగా తిరిగేస్తారు. నాకు భయం అక్కడే. పైకప్పుకి ఆసరాగా వదిలిన బొగ్గు పిల్లర్లు తీసేశాక పైకప్పు కూలుతుంది, పగుళ్లు పైకి పాకుతాయి, బరువు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది, అప్పటిదాకా కదలని ఫాల్ట్ కాస్త కదిలినా పైనున్న నీటికి దారి దొరుకుతుంది. అదీ వెంటనే కాకపోవచ్చు, కొన్నాళ్లకి.

వరదల్లో మన ఏటిగట్టు కాపలా చూశావుగా. ఇవతల తేటనీరు ఊరితే కనిపెట్టుకుని ఉంటాం, అదే బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని ఇసుక బస్తాలతో పరిగెడతాం. ఫాల్ట్ దగ్గర కారే నీటినీ అలాగే చూడు. రంగు మారినా, ఒక్కసారిగా పెరిగినా ముందు మనుషుల్ని ఎగువ దారిన బయటికి పంపు, ఆఫీసర్‌కి ఫోన్ తర్వాత.

ఇంకోటి, పాత తవ్వకాలు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా బొగ్గు గనిలో 375 మంది పోయారు, 2003 జూన్‌లో గోదావరిఖనిలో 17 మంది. రెండు చోట్లా ముంచింది పాత తవ్వకాల్లో నిలిచిపోయిన నీరే. అలాంటి చోటికి 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా వెళ్లకూడదని రూల్ ఉంది, కానీ మధ్యలో వదిలిన బొగ్గు గోడని ఫాల్ట్ అడ్డంగా కోసుకుపోతే ప్లాన్‌లో, అంటే గని మ్యాప్‌లో, కనిపించే మందాన్ని నమ్ముకోలేం, పైగా పాత ప్లాన్‌లే తప్పుండొచ్చు. అందుకే తవ్వేముందు బోరు వేసి చూడాలి, ఎదురుగానే కాదు, పక్కలకీ. ప్రొడక్షన్ టెన్షన్‌లో బోరు మానేద్దామని ఎవరన్నా అంటే, ఎంత పెద్దవాళ్లయినా సరే, ఒప్పుకోకు.

ఈ వారంలోనే మీ సర్వేయర్‌తో కూర్చుని మీ సెక్షన్ ప్లాన్‌లో ఫాల్టులన్నీ చూడు, ఏ ఫాల్ట్ ఏ పాత తవ్వకం వైపు వెళ్తోందో రాసుకుని ఆదివారం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న