మలుపు కోసం వెతక్కు, బాబూ

చిరంజీవికి ఆశీస్సులు.

తొలి రైతుల మీద నువ్వు రాసిన నవల చదివాను. మొదటి అధ్యాయం అయ్యేసరికే కోపం వచ్చింది. ఆకలి రాత్రి, గుహ ముందు వేటగాడు. పారేసిన గింజ మొలకెత్తడం చూసి, "ఇక మనం తిరగక్కర్లేదు!" అని అరుస్తాడు. రెండో అధ్యాయానికల్లా కృష్ణ ఒడ్డున వరి చేలు ఊగుతుంటాయి.

కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల తొలి రైతులు పండించినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. వాళ్లు పశువుల కాపర్లు కూడా. పాలమూరు వైపు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బ తవ్వించాడు. పేడ పోగేసి, కాల్చి, మళ్లీ పోగేసి కాల్చగా పేరుకున్న దిబ్బ అది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన గిట్టలు! మంద ఉంది, మేత కోసం తిరగడం ఉంది, వేట ఉంది. వాటి మధ్యనే కాసిని గింజలు చల్లుకోవడమూ ఉంది. నీ వీరుడు అరవడానికి ఆ ఒక్క రాత్రి ఎక్కడుంది?

అడవి ఉలవ కాయ ఎండగానే పగిలి గింజలు చిమ్ముతుంది. గింజ తోలు మందం, చల్లినా ఎప్పటికో గాని మొలవదు. తవ్వకాల్లో దొరికిన పాత ఉలవలను పరిశోధకులు ఎక్స్‌రేలతో లోపలిదాకా చూసి, క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో ఆ తోలు మెల్లమెల్లగా పలచబడుతూ వచ్చిందని 2017లో చూపించారు. అన్ని వందల ఏళ్లు ఎవరో ఏరారు, దాచారు, మళ్లీ చల్లారు. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవేనని నా గట్టి నమ్మకం.

మా అమ్మ పెసరకాయ కోతకు చీకటితోనే లేచేది. మంచు తడి ఆరకముందే కోయాలి. ఎండెక్కితే కాయ చిటుక్కున పగిలి గింజ నేలపాలు. నా తొలి కథ దాని మీదే. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, "ఇందులో ఏమీ జరగలేదు, పాము కరిచినట్టు రాయండి" అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను కరిపించలేదు. ఏళ్ల తరబడి పెట్టెలో పడున్న ఆ కథను చివరికి ఒక చిన్న పత్రిక వేసుకుంది. ఇప్పుడు కథల పోటీలకూ అదే జబ్బు. మొదట్లో షాక్, చివర్లో ట్విస్ట్. నీ గుహ సీను ఆ గాలి సోకి వచ్చిందే.

రోజూ చేసే పని రాయి. సిరియాలో అబూ హురేరా అనే చోట దొరికిన తొలి రైతుల ఎముకలు చూడు. ఆడవాళ్ల కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయాయి, మోకాళ్లు, నడుము దెబ్బతిన్నాయి. మన సన్నికల్లులాంటి రాతి ముందు మోకాళ్ల మీద కూర్చుని, రోజుకు గంటల కొద్దీ గింజలు నూరిన ఎముకలవి. నీ నవలలో అందరూ తింటారు, ఒక్కరూ నూరరు.

అయినా ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ ముసలామె. గుంపు కదిలే ముందు గింజల్ని రెండు కుప్పలు చేస్తుంది. ఒకటి తినడానికి, ఒకటి దాచడానికి. మనవడు ఆకలని ఏడుస్తున్నా రెండో కుప్ప ముట్టదు. అక్కడ నా గొంతు పట్టేసింది. దానికి నువ్విచ్చింది మూడు వాక్యాలు! విత్తనం కళ్లెదురుగా పెట్టుకుని పస్తుండటం ఎంత కష్టమో, ఆ బిడ్డ ఆమెను ఎన్ని మాటలంటాడో, కోడలు ఏమంటుందో రాయి. వేటగాణ్ణి తీసెయ్యమనను. ఆమె కొడుకుని చెయ్యి. ఆ సాయంత్రం అతను తెచ్చిన దుప్పి మాంసమే ఆ కుప్పను కాపాడుతుంది. చేను వచ్చిన తర్వాత కూడా అతను వేటకు పోవాలి, పోతూనే ఉండాలి.

పబ్లిషర్ల సంగతి అడిగావు. అది తర్వాత. ముందు ఆ అధ్యాయం తిరగరాసి పంపు.