ముందు ఆవిడ వాడే మాట అడుగు

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే కాగితం మీద రాసి మీ తమ్ముడితో ఫొటో తీయించి పంపుతున్నాను.

ఇంగ్లండ్‌లో మీ ఆసుపత్రికి పురిటికొచ్చిన సోమాలీ అమ్మాయిని పరీక్ష చేయబోతే, కింద కోసి కుట్టేసి సన్నటి దారి మాత్రం వదిలేశారనీ, చూడగానే నీకు చేతులాడలేదనీ రాశావు. పక్కనున్న అత్తగారు ‘ఆడపిల్ల పుడితే దానికీ చేయించాలి’ అందని మండిపడ్డావు. చివర్లో ఆడదానికి ఆడదే శత్రువు అని కూడా తేల్చేశావు. ఆ మాట నాకు పడదే. శత్రువైతే పని తేలిక, నాలుగు తిట్టి పంపేయొచ్చు. ఆవిడ మనవరాలికి మంచి సంబంధం రావాలని చూస్తోంది. చిక్కంతా అక్కడుంది.

మా చిన్నప్పుడు పక్కింట్లో ఒక బామ్మగారు ఉండేవారు. పన్నెండో ఏటే భర్త పోయాడు. నెలకోసారి మంగలి పెరటి గుమ్మం గుండా వచ్చేవాడు, ఆవిడ నూతి దగ్గర పీట మీద తల వంచుకుని కూర్చునేవారు. కత్తి పెట్టేముందు తల మీద నీళ్లు చల్లిన చప్పుడు నాకింకా గుర్తే. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. అప్పటికి ఎనభై ఏళ్లు దాటినా మా వీధిలో ఆ పీట అక్కడే ఉంది. తర్వాత ఎదురింటి అమ్మాయికి భర్త పోయి, జుట్టు తీయించుకోనని మొరాయిస్తే, అందరికంటే గట్టిగా అరిచింది ఈ బామ్మగారే. ‘నేను పడలేదుటే?’ అన్నారు. తప్పని ఒప్పుకుంటే, తను ఆ పీట మీద కూర్చున్న అన్నేళ్లూ దేనికోసమో ఆవిడ తనకి తాను చెప్పుకోవాలి. నువ్వు ‘ఇది ఘోరం’ అనగానే ఆ అత్తగారి పరిస్థితీ అంతే. కాబట్టి ఆ మాట మొదట అనకు. మొహం కూడా చిట్లించకు.

మీ ఆసుపత్రి కాగితాల్లో ఉన్న ఎఫ్‌జీఎం అన్న పేరు, అంటే ఆడపిల్లల జననాంగాలు కోసేయడం అన్న మాట, అది కూడా పక్కనపెట్టు. వాళ్లేమంటారో అడిగి, ఆ మాటే వాడు. సోమాలీలో గుద్నీన్ అంటారు. ఈజిప్టు వాళ్లు తహారా అంటారు, శుద్ధి అని. అంటే చేయించని పిల్ల మైల అన్నట్టేగా. ముట్టయితే మూడు రోజులు మూల కూర్చున్న ఇంటి పిల్లవి, నీకు వేరే చెప్పాలా! మన దేశంలో లేదని కూడా అనుకోకు. ముస్లింలలో ఒక శాఖైన దావూదీ బోహ్రాల్లో ఖఫ్జ్ పేరుతో ఏడేళ్ల పిల్లలకి చేస్తారు. 2017లో సుప్రీంకోర్టులో కేసు పడితే, మరుసటి ఏడాది రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు.

ఇక ఎక్కడ అడగాలన్నది. ఏఎన్ఎమ్ నర్సుగా ముప్పై ఏళ్లు గోదావరి లంకల్లో తిరిగి నేను నేర్చుకున్నది ఇదొక్కటేనేమో. గర్భసంచి ఆపరేషన్లు మన దగ్గర ఎక్కువ. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో, ఆంధ్రలో వందకి దాదాపు తొమ్మిది మందికి తీసేశారని తేలింది. దేశం మొత్తం మీద చూస్తే ముగ్గురే. ఓ లంకలో ముప్పై ఏళ్ల అమ్మాయిని, ఎందుకు చేయించుకున్నావని అరుగు మీదే అడిగాను. ‘నాకే కావాలనిపించిందండి’ అంది. అత్తగారు పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. వారం తర్వాత కాలవ రేవులో దుప్పటి పిండుతూ తనే చెప్పింది. తోడికోడళ్లిద్దరూ చేయించేసుకున్నారట, ‘నీకెందుకింకా ఆ సంచి, కేన్సరొస్తుంది’ అని ఇంట్లో రోజూ పోరట. అప్పట్నుంచి ఏ సర్వేలోనైనా ‘ఈ ఆచారం ఉండాలి’ అన్న ఆడవాళ్ల లెక్క చూస్తే, అడిగినప్పుడు పక్కన ఎవరున్నారో అనుకుంటాను. నువ్వు మాత్రం అత్తగారినో మొగుణ్నో దుబాసీగా పెట్టుకోకు. ఆసుపత్రి తరఫున ఆడమనిషిని ఇమ్మను.

యునిసెఫ్ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఇది జరిగింది. ఆచారం ఉన్న ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశాల్లో జనంలో మూడింట రెండొంతులు వద్దనే అంటున్నారు. అయినా ఎందుకు సాగుతోందంటే, పక్కింటివాళ్లకి కావాలేమోనని ఎవరికి వాళ్ల భయం. మా పిల్లకి పెళ్లి కాకపోతేనో? సెనెగల్‌లో మలికుండా బంబారా ఊరి ఆడవాళ్లు 1997లో అందరూ కలిసి మానేస్తామన్నారు. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లు కూడా ఒప్పుకుంటేనే అది నిలుస్తుందని దెంబా దియావారా అనే ఇమాము ఊరూరూ తిరిగాడు. ఈ సంగతి మన కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకని ఆ అమ్మాయిని ఒంటరిగా ఎదురు తిరగమనకు. ఇలాంటి తల్లులు నలుగురు కలిసే చోటేదైనా మీ ఊళ్లో ఉంటే చూపించు.

ఒక్క విషయంలో మెత్తగా ఉండకు. మీ ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు పిల్లకి జరిగిందని ఆ పిల్ల చెప్పినా, నీకే కనిపించినా పోలీసులకి చెప్పి తీరాలి. 2015 నుంచి అదే రూలు. పురుడయ్యాక మళ్లీ కుట్టేయమన్నా చట్టం ఒప్పుకోదు. ఇవి ముందే చెప్పు, బెదిరింపులా కాదు, టీకా తేదీ చెప్పినట్టు చెప్పు.

వచ్చే నెల బిడ్డతో చూపించుకోవడానికి వస్తుందన్నావుగా. అత్తగారు వెంటొస్తే పసిబిడ్డని ఆవిడ చేతికిచ్చి, బరువు తూయించుకురమ్మని పంపు. మేమూ అలాగే పంపేవాళ్లం. పావుగంట దొరుకుతుంది.

మీ పెద్దమ్మ